అయిదు లెక్కపెట్టేలోపు

ఫోను ముఖం మీద అరచెయ్యి కప్పి
కొత్తవాడ నుంచి ఎనుమాముల దాకా
కనిపించినోళ్లనల్లా అడుగుతున్న:
"ఒక్కసారి చూడుండ్రి. అయిదు లెక్కపెడత, మూసేస్త.
ఏం కనిపించిందో చెప్పుండ్రి."

మూడు నెలలు కూసొని కట్టిన దుకాణం ఇది.
గోడల్లేవు, షట్టరు లేదు,
పొద్దుగాల్నే ఊడ్చి అలుకు చల్లే వాకిలి లేదు.
ఉన్నది ఒక్క గడప.
దాని మీద ఎవ్వరూ
దమ్ము తీసుకునేంతసేపు కూడా నిలబడ్తలేరు.
నిన్న వచ్చినోళ్లు రెండువందల పద్నాలుగు.
కొన్నది ఒక్కడు,
వాడు మా చిన్నమ్మ కొడుకు.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాకు ఒరిగి
యాకూబ్ పాషా ఘాటుకు దగ్గుకుంట చూసిండు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.
"సోఫా," అన్నడు. "మస్తుంది. ఎంతకిస్తరు?"

సోఫా మాది కాదు.
సోఫా కాళ్ల కింద, ఫొటో అంచున
సగం తెగిపోయిన జంపఖానా మాది.

హన్మకొండ బస్టాండ్ల ములుగు బస్సు కండక్టరమ్మ
టికెట్ల మిషను చంకల ఇరికించుకొని:
"ఎవరో పిల్ల నవ్వుతుంది. చీరెలా?
కాదు కాదు, పండ్ల పేస్టు."

ఎంజీఎం గేటు కాడ
రాత్రి డ్యూటీ దిగిన నర్సు మూడుకే మొఖం తిప్పుకుంది.
"లోను యాప్ గదా? ఆ ఆకుపచ్చ చూస్తెనే ఎరుకైతది.
తీసెయ్యి చెల్లె. మా మరిది గట్లనే మునిగిండు."

నోటుబుక్కుల అన్నీ రాసుకున్న.
నాణ్యత, నమ్మకం, సంప్రదాయం అని
పైన బారెడు అక్షరాలు పెట్టిన గదా,
పదిహేడు మందిల ఒక్కరి నోట్లెకెళ్లి
ఆ మూడు మాటల్ల ఒక్కటి రాలేదు.
రాసిన నాకే, కండ్లు మూసుకుంటే,
ఏది ముందో ఏది వెనకో యాదికొస్తలేదు.

సొసైటీ షెడ్డుల సాంబలక్ష్మక్కకు చూపెట్టిన.
గుంట మగ్గంల కాళ్లు, పోగుల మీద చేతులు,
పంజా ఆపకుంటనే ఒక కన్నేసింది.
"గిదా నీ దుకాణం?
కొనేటోడు సోఫా చూస్తడా పిల్లా?
ముందుగాల మూల పట్టి తిప్పుతడు.
అడుగు చూస్తడు.
మనది రెండు దిక్కుల ఒక్కటే మొఖం అని
అప్పుడు గద తెల్సేది."

తిప్పు, అన్న.
తిప్పింది.
ఎర్రచారల మీద ఆమె బొటనేలు,
పంజా కొట్టి కొట్టి కాయగాసిన బొటనేలు,
గోటి సందుల నీలిరంగు.
కిటికీ దిక్కుకెళ్లి వచ్చిన ఎండలోనే
ఫొటో తీసిన. నవ్వే పిల్లను పంపించేసిన,
పైసలు వెట్టి కొన్న పిల్ల ఆమె, పాపం.

మళ్ల ఎనుమాముల.
"ఎవరిదో చెయ్యి," అన్నడు పాషా.
జర ఆగి, "దర్రీ. మా బిడ్డ నిఖాకు
గసొంటివే పరిచినం, అద్దెకు తెచ్చి."

కండక్టరమ్మకు అయిదు అయిపోయినయ్.
నేను మూయబోతే నా మణికట్టు పట్టుకుంది:
"ఆగు. ఆ చెయ్యి దేన్ని తిప్పుతుంది?
ఇంకోపారి చూపెట్టు."
డ్రైవరు హారను కొడ్తనే ఉన్నడు.

నర్సు మాత్రం ఇప్పటికీ లోను యాపే అంటది.
ఆకుపచ్చ మార్చాలె. అది ఇయ్యాల రాత్రి పని.

పొద్దుగూకినంక సాంబలక్ష్మక్క అడిగింది,
ఎందరొచ్చిన్రని.
నూటా తొంభై ఆరు, అన్న.
నాడె ఆపింది.
మెడ సాపి
షెడ్డు తలుపు అవతలికి చూసింది.
నా చెప్పులు, ఆమె చెప్పులు,
తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన రాజనర్సు చెప్పులు.

"అందరొచ్చిన్రంటవు," అంది,
"మరి ఇడిసిన జోళ్లేవి?"