మూడో ఖాతా

కగ్గదాసపురలో మా మేడకి మూడో అంతస్తు నాది,
నాలుగోది తిమ్మరాజుది.
నా దగ్గర ఎస్పీ రోడ్డులో బేరమాడి తెచ్చిన
సెకండ్‌హ్యాండ్ కన్సోలు.
అతని దగ్గర జీతం జీతానికీ ఒక ముక్క కొని బిగించిన పీసీ.
మధ్యలో ఐదంగుళాల స్లాబు.

అయినా కలిసే ఆడేవాళ్ళం.
రాత్రి పదిన్నరకి అతను మాప్ కర్రతో రెండుసార్లు నేల మీద కొడితే
నేను అన్నం గిన్నె సింకులో పడేసి కూర్చునేదాన్ని.
అతని తుపాకీ పేలిన చప్పుడు
ఏ సింగపూరు సర్వరో చుట్టి నా హెడ్‌సెట్‌లోకి వచ్చేలోపే
అతని కేక స్లాబులోంచి దిగిపోయేది:
"ఎనక చూడక్కా!"
కోలారు తెలుగు. 'వె' కోసం ఆగని తెలుగు.
ఆ అర సెకను పుణ్యాన
ఎన్ని చావులు తప్పించుకున్నానో లెక్కలేదు.
అవతలి జట్టుకి ఇదొక మోసమని తెలీదు పాపం.

జూన్‌లో అప్‌డేట్ వచ్చింది. పద్దెనిమిది జీబీ.
వానకి వైఫై పడుతూ లేస్తూ తెల్లారేదాకా దిగింది.
తెరిస్తే కొత్త తెర:
వేరే యంత్రాలవాళ్ళతో ఆడాలంటే ఇక్కడ ఖాతా తప్పనిసరి.
ఆట చేసినవాడు కాదు, యంత్రం అమ్మినవాడు కాదు,
మూడోవాడు.
పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు,
మెయిల్‌కి ఒక అంకె, ఫోన్‌కి ఇంకో అంకె,
ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ నొక్కు.
రోజూ సిల్క్ బోర్డు దగ్గర నిలబడేదానికి అదొక లెక్కా.
చీమ అడుగులంత అక్షరాల్లో ముప్పై నాలుగు పేజీలు.
కిందికి జరిపాను. ఒప్పుకున్నాను.

తిమ్మరాజు ఒప్పుకోలేదు.
నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని మెట్ల మీదే ఆగి అన్నాడు:
"రెండువేల నాన్నూరు పెట్టి కొంటిని కదక్కా.
నా ఇంట్లోకి నేను పోయేదానికి
గేటుకాడ ఎవడో నా ఫోటో తీస్తానంటే ఎట్ల?"
అతను లిఫ్టు మెకానిక్కు. రోజుకి ఏడు అపార్ట్‌మెంట్లు,
ఏడు గేట్లు, ఏడు ఫోటోలు,
ఎవరింటికి, నంబరు చెప్పు, ఓటీపీ వచ్చిందా.
"రాత్రి పదిన్నరకి గూడానా?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. నేనే తెరిచి పెడతానన్నాను.
ఒక ఆదివారం అతని కుర్చీలో కూర్చుని పేరు కొట్టాను.
ఈ పేరు ఇప్పటికే వేరొకరిది, అంది తెర.
తిమ్మరాజు8841 సరేనా?
అతను ఆ అంకెల వంక చాలాసేపు చూశాడు.
"ఆ తిమ్మరాజెవడో వాడే ఆడుకోనీలే అక్కా" అని
కాఫీ పెట్టడానికి లేచాడు.
కాఫీ బాగుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు ప్రపంచమంతా జట్టు.
పోలండు పిల్లాడొకడు, ఇండోరు డెంటిస్టు ఒకామె,
ఏ దేశందో తెలియని దగ్గు ఒకటి.
అందరూ సరిగ్గా సమయానికి వినిపిస్తారు.
ఎవరూ ముందుగా వినిపించరు.

తిమ్మరాజు బాట్లతో ఆడుతున్నాడు.
మాప్ కర్ర ఇప్పుడు నేల తుడవడానికే.
నిన్న పదకొండు దాటాక
నేనొక పాడుబడ్డ గిడ్డంగిలో గోడకానుకుని తూటాలు నింపుకుంటుంటే
పైనుంచి దిగింది,
ఏ బాటునో, పాత అలవాటునో పిలిచినట్టు,
"ఎనక చూడక్కా!"

చూశాను.
నిజంగానే ఒకడున్నాడు.