పూతల లెక్క

తెల్లారకముందే
ప్లాస్టిక్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంటుంది
బెనీతా మిషాహా.
ఒళ్ళో గీతల నోటుపుస్తకం, పళ్ళ మధ్య పెన్సిలు.
వెనక తంబోపాతా ఏరు.
ముందు ముళ్ళ వెదురు,
కత్తి లేకుండా దూరితే ఒంటిమీది తోలు మనది కాదు.

ఆమె పని వినడం.
కూతకో గీత.
నాలుగు నిలువు గీతల మీద అడ్డంగా ఐదోది.
నెలాఖరుకి మాల్దొనాదో నించి ఒక కుర్రాడొచ్చి
గీతలు లెక్కెట్టి డబ్బులిస్తాడు.

ఆ పిట్ట పిడికిట్లో ఇమిడిపోతుంది.
ఇటుకపొడి రంగు.
కింది ముక్కు పైకి తిరిగి ఉంటుంది,
ఎవరో తలుపు సందున పెట్టి వంచినట్టు.
ఆ వంకరతోనే కణుపు మీద తట్టి, పీచు చీల్చి
లోపలి పురుగుని బయటికీడుస్తుంది.
పక్కన అత్తిచెట్టు నిండా పురుగుల జాతర.
అటు చూడను కూడా చూడదు.
వెదురు లేనిచోట దానికి ఆకలి కూడా వెయ్యదేమో.
"గొడ్డలి పారేసుకున్నోడు" అనేది దాన్ని
బెనీతా వాళ్ళమ్మ.

అమ్మకి ఏళ్ళు తెలీవు, పూతలు తెలుసు.
తొలి పూతకి బెనీతాకి పాలపళ్ళు ఊడుతున్నాయి.
రెండోదానికి చంకలో మూడో బిడ్డ,
గింజ తిని బలిసిన ఎలకలు
కర్రపెండలం దుంపల్ని కూడా వదల్లేదా ఏడు.
ఇది మూడోది.

చిలకలు మట్టి తినే గట్టు నించి ఏటి మలుపు దాకా
వెదురంతా ఒక్కసారే పూసింది.
ఒక్కసారే గింజ రాల్చింది.
ఇప్పుడు ఒక్కసారే చస్తోంది.
ఒక బొంగు పట్టుకుని ఊపింది బెనీతా.
దాహమైతే గంటు పెట్టి తాగిన బొంగే,
లోపల నీళ్ళ చప్పుడు లేదు.

పిట్ట బతికేది ఎన్ని వానలు? ఆరో, ఏడో.
దాని అమ్మ పచ్చటి వెదుర్లో పుట్టింది.
అమ్మమ్మా అంతే.
ఆ అమ్మమ్మకి అమ్మమ్మా అంతే.
వెదురు చస్తుందని చెప్పడానికి
ఆ ఇంట్లో ముసలివాళ్ళెవరూ మిగల్లేదు.

బెనీతా చెప్పి చూసింది ఒకసారి, కాస్త గట్టిగానే.
పిట్ట తల పక్కకి వాల్చి వింది.
విని,
ఎండుబొంగు మీద మళ్ళీ తట్టింది.

మే నెలలో పేజీకి నలభై గీతలు.
జూన్‌లో పదకొండు.
ఆగస్టులో మూడు, అందులో ఒకటి అనుమానం,
దాని పక్కన చిన్న చుక్క పెట్టింది.
ఇవాళ దక్షిణం నించి చలిగాలి.
పుల్లల మీద పుల్లలు విరిగి పడుతున్న చప్పుడు.
పేజీ తెల్లగా ఉంది.

ఎండ మోకాళ్ళ దాకా వచ్చాక
లేవబోతూ ఆగింది.
ఏటికవతల, ఎదురొడ్డున,
పొట్టిగా, పచ్చగా, ఇంకా పూతకి రాని
వేరే వెదురు గుబురు.
అందులోంచి
కీచుగా మెట్లెక్కుతున్నట్టు ఒక గొంతు.
మళ్ళీ.

పుస్తకంలో ఆ ఒడ్డుకి గడి లేదు.
ఆ గీతకి కుర్రాడు డబ్బివ్వడు, తెలుసు.
ఎర్రగీతకి ఇవతల ఖాళీ అంచులో
రెండు గీతలు గీసింది.
పెన్సిలు మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుని
బకెట్ తిరగేసి
పడవలో నిలిచిన నీళ్ళు
తోడి పొయ్యడం మొదలెట్టింది.