‘వి’ అక్షరం దగ్గర

నేవీ క్వార్టర్స్‌లో బదిలీలు మొదలైతే
డాబా గార్డెన్స్‌లో నా కొట్టుకి సామ్రాజ్యాలు వస్తాయి,
ఆటోల్లో, గోనెసంచుల్లో,
ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టెల్లో.
కమాండర్ గారి భార్య బేరమాడదు.
“ఈ బరువు కొచ్చి దాకా మోయలేం” అంటుంది.
కాటా మీద పెడతాను.
రోము, కిలో రెండొందలు.
ఒట్టొమన్లు తొమ్మిదొందల గ్రాములు, పై అట్ట లేదు.
కుంపిణీ మీద మూడు పుస్తకాలు కలిపి
ఓ పుచ్చకాయంత.
రెండో ప్రపంచ యుద్ధం మాత్రం
ఎన్నిసార్లు తూచినా
సంచి అడుగున ఇంకా మిగిలే ఉంటుంది.

ఉప్పుగాలి వీటికి పడదు.
ఏడాది తిరిగేసరికి చక్రవర్తుల ముఖాల మీద
బూజు గడ్డాలు మొలుస్తాయి.
పాత చీర గుడ్డతో గీస్తాను.

శనివారం శనివారం వస్తాడు
సూరిశెట్టి అప్పలకొండ,
పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి.
మెట్టు ఎక్కకముందే తెలుస్తుంది వచ్చినట్టు:
“అమ్మీ! కొత్తయి ఏటొచ్చాయి?”
పక్కన జెరాక్సు కుర్రాడు ఉలిక్కిపడతాడు.
మర్యాద తెలీని మనిషనుకునేదాన్ని.

పుస్తకాన్ని ఆయన వెనకనుంచి తెరుస్తాడు,
చేప కొనేముందు మొప్ప ఎత్తి చూసినట్టు.
మొదటి వాక్యంతో పని లేదు.
పటాలు, ఫొటోలు, రాజుల వంశవృక్షాలు, ఏవీ వద్దు.
చివరి పేజీల చిన్నక్షరాల వరస మీద
వేలు దిగుతుంది, దిగుతుంది:
విషీ, వియన్నా, వియత్నాం,
దాటితే వ్లాదివోస్తోక్.
మధ్యలో ఉండాల్సిన ఊరు ఉండదు.
“నేదు” అని మూసేస్తాడు.
ఆ నేదు వీధి చివరి పాన్‌షాపు దాకా వినబడుతుంది.

పదకొండేళ్లుగా ఇదే.

మొన్న వాన పడ్డ శనివారం
ఎనిమిదొందల పేజీల లావుపాటి పుస్తకంలో
వేలు ఆగింది.
విజగపటం, 417.
కళ్లజోడు తడిసిందని నన్ను చదవమన్నాడు.
తెలుగు చేసి చెప్పాను:
“ఏప్రిల్ ఆరున ఓడరేవు మీద కొన్ని బాంబులు పడ్డాయి.
నష్టం స్వల్పం.”
తరవాతి వాక్యానికల్లా రచయిత
త్రింకోమలీ వెళ్లిపోయాడు.

“మళ్లీ సదువు.”
చదివాను.
“అంతేనా?”
అంతే.

కాసేపు రేకు మీద వాన.
అప్పుడు గొంతు తగ్గించాడు.
అంత చిన్న గొంతు ఆయన దగ్గరుందని నాకు తెలీదు.

“మా అయ్య బొగ్గు కలాసీ.
ఆ దినం జెట్టీ మీదున్నాడు.
కుడి సెవి పోనాది.
మరేటీ అవనేదు. డెబ్బయ్యేళ్లు బతికీసినాడు.
మా ఇంట్లో అందరం అరిసీవోళ్లమే.
బువ్వ తిను అన్నా అరుపే.
మా అమ్మ నెల తప్పిన సంగతి ఆయనకి సెప్తే
పేట పేటంతా ఇన్నాది.
గుసగుస అంటే ఏటో
పెళ్లయ్యీదాకా నాకు తెల్దు.”

పెన్సిలడిగాడు.
వ్లాదివోస్తోక్ నెత్తి మీద, చోటు లేని చోట,
ఓడలోకి పెట్టె దించినట్టు
ఒక్కో అక్షరం ఆపి ఆపి దించాడు:
సూరిశెట్టి పైడయ్య, కుడి చెవి, 417.

పుస్తకం కొనలేదు.
“ఇంట్లో అందరికీ తెల్సిందే కదా, నాకెందుకు” అని
గొడుగు విప్పి, మళ్లీ మామూలు గొంతుతో,
జెరాక్సు కుర్రాడు ఉలిక్కిపడేలా
“ఎల్లొస్తానమ్మీ” అన్నాడు.

ఆదివారం ఎవరో అబ్బాయి, పోటీ పరీక్షలకట,
ఆ పుస్తకమే ఎత్తాడు.
వెనక పెన్సిలు రాతలున్నాయి, యాభై తగ్గించమన్నాడు.
తగ్గించలేదు.
“పోనీ రబ్బరుందా?”
సొరుగులో ఉంది. లేదన్నాను.

సంచిలో వేసుకుని జగదాంబ వైపు నడిచాడు.
మొదటి పేజీ నుంచి చదివే రకంలా ఉన్నాడు.
417కి చేరేసరికి
ఎండలొచ్చేస్తాయి.