పలక ఊపే నాలుగు నిమిషాలు

తెల్ల పలక మీద దంబీ నెత్తురు తేట ఒక చుక్క,
పక్కన గులాబీ రంగు మందు ఒక చుక్క.
పుల్లతో కలిపి ఊపుతున్నాను.
గడియారం నర్సు సరన్‌గువా చేతిలో ఉంది.

మూడు వారాలుగా సాయంత్రం జ్వరం,
తెల్లారేసరికి తడిసిన చొక్కా.
గుర్రం దిగితే నడుం నిలవదు.
చలి పట్టింది అంటాడు.
ఈ గోబీ అంచున చలి పట్టనిదెవరికి?

మేకలు ఈనినప్పుడు పిల్లల్ని
బయటికి లాగిందెవరని అడిగాను.
మాట్లాడకుండా చేతులు చాపాడు.
తొడుగులు ఎరగని చేతులు.
సగం పరీక్ష అక్కడే అయిపోయింది.

మిగతా సగంతోనే చిక్కు.
నిరుడు డ్రైవర్ బాత్‌సూరి నెత్తురూ ఊరికే ఇలా ఊపి చూశాను.
రెండో నిమిషానికే ఇసుక చల్లినట్టు గింజలు కట్టింది.
ఆ సాయంత్రమే వాడు కుస్తీలో ఇద్దర్ని పడగొట్టాడు.
మందతో బతికినవాడి నెత్తురు
అవుననే అంటుంది.
ఎప్పుడో మాత్రం చెప్పదు.

అనుమానం పెనుభూతమంటారు.
నా దగ్గర అది కూలికొచ్చిన మనిషి,
పొద్దుగూకక ముందే పంపేస్తే పని చెడుతుంది.

ఇందాక బయటికి వెళ్లబోతూ, గుమ్మంలో
బూట్లు తొడుక్కుంటూ అన్నాడు దంబీ:
వదిన నిరుడు క్షయతో పోయిందట.
అదే గుడారం, అదే పొయ్యి.

మేకల జ్వరానికి నేనిచ్చే రెండు మాత్రల్లో
ఒకటి క్షయకీ తగులుతుంది.
తగిలి చంపదు. సగం చంపి దాచేస్తుంది.
జ్వరం దిగుతుంది, గెలిచాననుకుంటాను,
లోపల పూస పుచ్చుతూనే ఉంటుంది.

మా ఎక్స్‌రే గొట్టం జనవరి చలికి పగిలింది.
పెద్ద యంత్రం ఐదొందల కిలోమీటర్ల అవతల.
ఏ జవాబొస్తే నా చెయ్యి ఆగుతుంది?
చెయ్యి ఆపలేని జవాబు కోసం
అతని గుర్రాన్ని ఎందుకమ్మించాలి?

నాలుగు, అంది సరన్‌గువా.
గింజలు. దీపం అక్కర్లేనంత స్పష్టంగా.
నవ్వుతూ మాత్రల డబ్బా తీసింది.

ఉంచమన్నాను.
దంబీని బోర్లా పడుకోబెట్టి
పూస పూసా వేలితో తట్టాను.
మేకల జ్వరానికి నడుమంటే ఇష్టం.
అతను ఊపిరి బిగబట్టింది నడుం దగ్గర కాదు,
చాలా పైన,
భుజాల మధ్య ఒక్కచోట.
మళ్లీ తట్టాను. మళ్లీ అక్కడే.

గుర్రాన్ని ఎవరు చూస్తారు అన్నాడు,
దిండులోంచే.

బయట బాత్‌సూరి
ట్యాంకులో పుల్ల ముంచి
డీజిలు ఎంతుందో చూస్తున్నాడు.