ఙ

మూడు రోజుల యాత్ర, రెండు రాత్రులు,
భోజనం కలిపి, లైఫ్ జాకెట్ అద్దె కలిపి.
సైగాన్‌లో చేతికిచ్చిన కాగితం నిండా వేళలే:
ఏడుంబావుకి బస్సు,
పదింటికి కొబ్బరి మిఠాయి,
మూడున్నరకి పల్లె జీవితం.

గైడ్ పేరు ఙ్వాన్.
బస్సులో ఒక్కొక్కరి చేతా పలికించింది.
డెన్మార్క్ దంపతులు నాలుక మడతపెట్టి ఓడిపోయారు,
కొరియా కుర్రాడు నవ్వేసి వదిలేశాడు.
నేను తడుముకోకుండా అనేసరికి
మైకు దించి నా వంక చూసింది.

ఎలా చెప్పను?
పలక మీద దిద్దిన నాటి నుంచీ
క ఖ గ ఘల వెనక
పనీపాటా లేక నిలబడ్డ అక్షరం అది మాకు.
వాచకంలో దానికి బొమ్మ కూడా వెయ్యలేదు.
ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను,
వాఙ్మయంలో తప్ప ఎదురుపడింది లేదు,
అక్కడా కంపోజిటర్లు దాన్ని జ చేసేసేవాళ్లు.
ఇంత దూరం వస్తే తెలిసింది
దానితో ఒక మనిషిని పిలవొచ్చని.

"అర్థమా? చెప్పిన మాట వినే పిల్ల"
అంది, వేళల కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

మిఠాయి చుట్టిన పలచటి పొర ఒలిచి పారేశాను.
పాకం కోస్తున్న ఆవిడ పొట్ట పట్టుకు నవ్వింది.
బియ్యప్పిండి రేకట, అదీ తినేదేనట.
పూతరేకులు తిని పెరిగిన నోరు నాది,
సిగ్గేసింది.

రెండో రోజు, ఇంకా వెలుగు రాకముందే
నది మీద సంత.
ఏది అమ్మితే అది గెడ చివర కట్టుకుంటారు:
అనాస, గుమ్మడి, మట్టి వదలని చిలగడదుంప.
ఆరేసిన చొక్కాలు మాత్రం అమ్మకానికి కావు.
ఒక గెడకి ఎండిన ఆకొకటే వేలాడుతోంది.
ఆకు ఎంత అని అడిగాను.
"ఆకు కాదు, ఆ పడవే" అంది ఙ్వాన్.

మా పడవ నడిపేది ఏడో బాబాయి.
ఇక్కడ పెద్దబిడ్డనే రెండో వాడంటారు,
ఒకటో అంకె ఎవరికీ ఇవ్వరు.
కాలవలోకి తిరిగాక
పంకాకి గుర్రపుడెక్క చుట్టుకున్నప్పుడల్లా
ఆయన తిట్టే తిట్టు
ఆమె ఎప్పుడూ తర్జుమా చెయ్యలేదు.

కాగితంలో లేని మలుపు దగ్గర
ఇంజను ఆపమంది.
"అదిగో మా వంటిల్లు."
అందరం ఒడ్డు వైపు చూశాం.
ఆమె వేలు నీళ్ల వైపు ఉంది.

"రాత్రి రెండింటికి. ముందు కోళ్లగూడు,
తర్వాత పొయ్యి, చేపల ఊట జాడీలు.
నాయనమ్మ సమాధి ఇంకో వారం ఆగింది."
అవే మాటలు, మిఠాయి గురించి చెప్పిన గొంతుతోనే.

డెన్మార్క్ ఆవిడ ఫోను ఎత్తి, దించేసింది.
ఏడో బాబాయి గళ్ల తువ్వాలుతో చేతులు తుడుచుకుని
తెడ్డు ముట్టుకోలేదు.
ఇల్లు ఎంత పొడవుండేదో
అంతసేపు పడవ ఊరికే తేలింది.
నేను చెప్పులు విప్పాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఆలస్యానికి పల్లె జీవితం రద్దయింది.

మూడో రోజు బస్సు దిగేముందు
అభిప్రాయాల పత్రం పంచింది, మా మొహాల్లోకి చూడకుండా.
"యాత్రలో నిర్ణయించిన దారి తప్పారా?"
లేదు, అని రాశాను.
తెలిసి తెలిసి నేను వదిలేసిన తప్పు
ఇదొక్కటే.

గైడ్ పేరు అన్న గడిలో తెలుగులో రాశాను.
పత్రాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
మొదటి అక్షరం మీద గోరు పెట్టి అడిగింది,
"ఇదేమిటి, నీళ్లలో బాతా?"

అవునన్నాను.