వీపు వెనక గొంతు

పదకొండేళ్లు ఒకే జట్టులో ఉన్నాం గానీ
మా కీపరు ఆట నేను సరిగ్గా చూళ్లేదు.
స్టాపర్ని నేను. అతని వైపు ఉండేది నా వీపే.
ఏసోబంటే నాకు
మెడ వెనక వేడిగా తగిలే గొంతు.
"ఎడమ! ఎడమ! ఓరి నీ... వదిలెయ్, నాది!"
ఆ 'నాది' వినపడ్డాక
తల తిప్పి చూసిన పాపాన పోలేదెప్పుడూ.

మే నెలలో ఏసోబుకి గుంతకల్లు బదిలీ.
అరచేతుల్లో అరిగిపోయిన గ్లవ్స్
మా వెల్డింగ్ షాపు బల్ల మీద పెట్టి
టీ తాగి వెళ్లాడు.
గొంతు మాత్రం పట్టుకుపోయాడు.

ఆదివారం పొద్దున్నే రైల్వే గ్రౌండ్లో సెలక్షన్.
రాత్రి వానకి గోలు ముందు గుంటలో నీళ్లు,
గోనెసంచులేసి అద్దాం.
పరంజ్యోతి మాస్టారు, ఆయన ఈల,
ఆయన పరీక్ష అట్ట, చెవి మీద పెన్సిలు.
వచ్చినవాళ్లు ఏడుగురు.

తేజోవర్ధన్ ఆరడుగుల రెండంగుళాలు.
పై కర్ర కిందికొచ్చే బంతిని
దండెం మీద తువ్వాలు తీసినట్టు తీస్తాడు.
వాళ్ల నాన్న కార్లోంచి వీడియో.
పాతిక షాట్లకి పంతొమ్మిది ఆపాడు.
మాస్టారు పేరు చుట్టూ సున్నా చుట్టారు.

ఇంకొకడు అక్కర్లేని బంతికీ దూకి
బురదలోంచి మా మొహాలు చూశాడు.

ఆఖర్న నాగూరు. పొట్టి.
అన్న బూట్లేమో, వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కాడు.
పాతికకి పదకొండు.

"మాస్టారూ, ఇలా కాదు. ఆడిద్దాం.
చెరో పావుగంట. నేను ముందు నిలబడతా."
ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు, ఔననలేదు, కాదనలేదు.

తేజోవర్ధన్ నా వెనక ఉంటే
తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టుంది.
ఉన్నాడా అని చూస్తే ఉన్నాడు,
బంగారంలా ఆపుతున్నాడు.
మెడ పట్టేసింది నాకు.

తర్వాత నాగూరు.
మొదట ఏమీ లేదు.
కుడివైపు నుంచి ఎవడో జొరబడ్డాడో లేదో
"కుడి కుడి కుడి! బెంజ్ సర్కిల్ వైపొకడు!"
గ్రౌండంతా గొల్లుమంది.
వాడాగితేనా!
"అన్నా, ముందుకి! ముందుకి సర్దుకో!
పసుపు చొక్కా ఎక్కేస్తన్నాడు, పట్టుకో!
చాలు చాలు... పోనీ!"

బస్టాండు ముందు షేరాటోలు నింపే కుర్రాడట.
ఆటోకింతని ఇస్తారు.
హారన్లన్నిటి మీంచీ పిలిచే గొంతు,
వందమందిలో ఆటోనగర్ వెళ్లేవాణ్ణి
నడకని బట్టి పట్టే కళ్లు.

రెండు గోల్స్ తిన్నాడు.
ఒకటి కాళ్ల మధ్య నుంచే, దాచడమెందుకు.

మాస్టారు అట్ట నా చేతికిచ్చారు.
తేజోవర్ధన్ పేరు కింద గీతలు, పద్నాలుగు.
"ఏంటివి?"
"నువ్వు వెనక్కి తిరిగి చూసిన లెక్క."
నాగూరు కింద
తెల్ల కాగితం, ఒక బురద చుక్క.

"దూకడం నేర్పుతాను," అన్నారాయన.
"నోరు పెట్టడం నేర్పాలని ముప్ఫయ్యేళ్లు చూశా,
నావల్ల కాలేదు."

గ్లవ్స్ వాడి చేతులకి వదులు.
పళ్లతో పట్టీ బిగించుకుంటూ అడిగాడు
"మ్యాచ్ ఎన్నింటికన్నా? పదిన్నరకి
రామవరప్పాడు ఆటోలున్నాయి నాకు."

రాత్రి గుంతకల్లుకి ఫోన్ చేశా.
"దొరికాడా?"
"దొరికాడు."
"ఎలా ఆడతాడు?"

ఏమో ఏసోబూ,
నేను చూళ్లేదు.