మాయ కొలత

గదిలో లైటు ఆర్పేశాక కూడా
తిరుపతి వినిపిస్తూనే ఉంటుంది.
"కొండకు, కొండకు" అని కండక్టరు అరుపు.
పక్కవీధి మైకులో ఎవరో పెద్దాయన
జగమంతా మాయ అంటాడు.
నాకు తెలిసిన మాయ
పద్దెనిమిది సెంటీమీటర్ల వెడల్పు,
మూడు సెంటీమీటర్ల మందం,
అరకిలో బరువు.

వచ్చినవాళ్ళంతా బిడ్డ ముక్కు చూపించమంటారు,
వేళ్ళు లెక్కపెట్టమంటారు,
గుండె చప్పుడు ఫోన్లో పట్టుకోవచ్చా అంటారు.
మాయ ఎట్లా ఉందని
పందొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

సోదం నుంచి వచ్చింది నాగవేణి.
ముప్పై రెండు వారాలు. ముందు కాన్పు కోత.
లీటరు నీళ్ళు తాగి వరండాలో
గంటన్నర బిగబట్టుకుని కూర్చుంది.
జెల్లు పూస్తే "సల్లగుండాదే" అని నవ్వింది.
అత్త రెడ్డెమ్మ గోడ మీది బోర్డును
కూడబలుక్కుంటా చదివి,
"అడగకూడదంట. నేనేం అడగలా.
గౌను కొనాల్నా, చొక్కా కొనాల్నా,
అంతే గదమ్మా!"

నేను వినలేదు.
పాత కోత మచ్చ మీద కూర్చుని ఉంది మాయ.
కూర్చుని, వేరు పట్టింది.
దానికీ గర్భసంచికీ నడుమ
టెంకకీ జీడికీ మధ్య పొరలాగా
సన్నని నల్లగీత ఒకటుండాలి.
ఎంత వెతికినా లేదు.
నిండా చిల్లులు, చిమ్మెటలు కొట్టిన శాలువ.
డాప్లర్ వేస్తే ఎరుపూ నీలమూ
ఎన్నేళ్ళకో నీళ్ళొచ్చిన స్వర్ణముఖిలా
గట్టు తెలియక తిరుగుతున్నాయి.
మూత్రసంచి అంచు ఒకచోట తెగి,
కలిసి, మళ్ళీ తెగింది.
నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.
నాగవేణి నా ముఖాన్ని స్కాన్ చేస్తోంది.

అతుక్కుపోయిన మాయ అన్నాను.
కోతలోకి చొచ్చుకుపోయింది అన్నాను.
పాలవ్యాను తోలే గుర్రప్ప నేల చూశాడు.
డిగ్రీ చదివిన మరిది ఫోను తీశాడు.
రెడ్డెమ్మ లేచి నిలబడింది.
"మావి వీడదంటావు.
మా జెర్సీకి ఇట్లే అయింది మా.
కాంపౌండరు చెయ్యి పెట్టి లాగినాడు.
నెత్తురు ఆగలా, తెల్లారేలోగా పోయింది.
దీన్ని లాగనీయొద్దు, ఎవుర్నీ."
ఆ ఒక్క మాట కోసం
మేము ఎన్ని పుస్తకాలు మోశామో.

రిపోర్టు రాశాను:
ముప్పై అయిదో వారం, పెద్దాసుపత్రి,
ఆరు సంచుల రక్తం,
గర్భసంచి దక్కకపోవచ్చు.
ఆ చివరి మాట
టైపు చేసి, చెరిపి, మళ్ళీ టైపు చేశాను.

ఆ వారమే గంగ జాతర.
రక్తనిధి ముందు బెంచీ మీద
చీరలు కట్టిన ఏడుగురు మగవాళ్ళు.
గుర్రప్పతో పాలకేంద్రంలో పనిచేసేవాళ్ళు,
మొక్కు వేషం కడక్కుండానే వచ్చేశారు.
టెక్నీషియను మోచేతి మడతలో
చందనం తుడిచి నరం వెతికాడు.
గాజులు పైకి తోసుకుని పిడికిలి బిగించి
"మెల్లిగా గుచ్చు నాయనా, పచ్చిబాలింతను"
అన్నాడొకడు ఆడగొంతు పెట్టి.
గుర్రప్ప ఒక్కడే నవ్వలేదు.

ఎవరూ లాగలేదు.
బిడ్డను తీసి, బొడ్డు ముడేసి,
మాయనట్లే ఉంచి సంచితో సహా తీశారు.
నాలుగు సంచులు ఎక్కించారు.
నాగవేణి రాత్రికి మంచినీళ్ళు అడిగిందట.

మర్నాడు పాథాలజీ గదికి వెళ్ళాను.
నీడలో మూడుసార్లు కొలిచినదాన్ని
స్టీలు ట్రేలో, వెలుతురులో చూశాను.
నేరేడుపండు రంగు.
నా లెక్క నాలుగు మిల్లీమీటర్లు తప్పు.

తలుపు దగ్గర రెడ్డెమ్మ.
"మా తట్టు మావిని మేడిచెట్టుకు కడతాం,
పాలు పడతాయని. ఇస్తారా?"
ఇవ్వరమ్మా, పరీక్షయ్యాక
పసుపు సంచిలో వెయ్యాలి, రూలు అన్నాను.
"పసుపే గదా. పోనీలే" అంది.
చేతులు జోడించింది.
నాకనుకుని కంగారుపడ్డాను.
ఆమె చూపు ట్రే మీదుంది.

ఇంటికి పోతూ
లీలామహల్ సర్కిల్ దగ్గర, సిగ్నల్లో
గుర్తొచ్చింది:
ఏం బిడ్డో నేను అడగనేలేదు.